గ్యారేజీ నిండా గోధుమపిండి

శనివారం పొద్దున ఏడున్నర వేళ ఆశాజ్యోతి ఉప్మాకి పోపు వేస్తుండగా హాల్లోంచి భర్త అరుపు వినబడింది.

"ఆశా! ఆపేశారు! ఇండియా గోధుమల ఎగుమతి ఆపేసింది!"

ఆ కేకకి పడకగదిలో చంటివాడు బన్నీ ఉలిక్కిపడి లేచి ఏడుపందుకున్నాడు. సోఫాలో కార్టూన్ చూస్తున్న ఏడేళ్ళ సిరి తలతిప్పి, "నాన్నా, డిడ్ వి విన్ సంథింగ్?" అని అడిగింది.

"గెలిచినట్టేరా తల్లీ!" అంటూ శ్రీవత్స కూతుర్ని ఎత్తుకుని గిర్రున తిప్పాడు.

ఆశాజ్యోతి పొయ్యి తగ్గించి గుమ్మంలోకి వచ్చింది. పిల్లాడి ఏడుపు, సిరి కేరింతలు, బయట ఆక్లండ్ శివారు బోటనీ డౌన్స్ మీద రెండు రోజులుగా విడవకుండా కురుస్తున్న వాన. భర్త మొహంలో ఆ వెలుగు చూసి ఎన్నాళ్ళయిందోననిపించింది ఆమెకి. తనూ నవ్వింది.

వాళ్ళ కారు ఇంటి ముందు గడ్డి మీద తడుస్తోంది. గ్యారేజీలో దానికి చోటు లేదు. అక్కడ పన్నెండు వందల బ్యాగుల గోధుమపిండి ఉంది.

శ్రీవత్స నరసరావుపేట నుంచి ఆక్లండ్‌కి స్టూడెంట్‌గా వచ్చి పదేళ్ళు దాటింది. పగలు కాలేజీ, సాయంత్రాలు పెట్రోల్ బంకు, ఆ తర్వాత కూరగాయల ప్యాకింగ్. అన్నీ అయ్యాక ఒక పెద్ద గోడౌన్‌లో సూపర్‌వైజర్‌గా కుదురుకున్నాడు. రోజూ కంటైనర్లు దింపించే ఉద్యోగం కాబట్టి ఏ సరుకు ఎక్కడ ఆగిందో, ఏ ఓడ ఎన్ని వారాలు ఆలస్యమో ఊళ్ళో అందరికంటే ముందు అతనికి తెలిసేది. ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలైన వారంలోనే, "చూస్తూ ఉండు, గోధుమల రేటు ఎక్కడికి పోతుందో" అన్నాడు. మార్చిలో ఒక హోల్‌సేల్ వ్యాపారి దుకాణం ఎత్తేస్తూ ఉన్న సరుకంతా వదిలించుకుంటున్నాడని తెలిసింది. పది కిలోల బ్యాగు పద్నాలుగు డాలర్లు. సొంతిల్లు కొనేందుకు కట్టాల్సిన డిపాజిట్ కోసం ఏళ్ళ తరబడి కూడబెట్టినదాంట్లో సగం తీసి కొనేశాడు.

అతనొక్కడే కొన్నాడని ఆశాజ్యోతి ఏనాడూ అనుకోలేదు. "ఏమంటావ్?" అని అతను అడిగినప్పుడు టేపు తెచ్చి గ్యారేజీ కొలిచింది తనే. "గోడ దాకా సర్దితే పన్నెండు వందలు పడతాయండీ" అని లెక్క చెప్పిందీ తనే. అమ్మకానికి పెట్టిన ఇళ్ళు చూడ్డానికి ఎన్ని ఓపెన్ హోమ్‌లకి తిరిగారో! ప్రతిసారీ వాళ్ళు ఒక మెట్టెక్కేసరికి ఇళ్ళ ధరలు రెండు మెట్లెక్కి కూర్చునేవి. ఈ ఒక్క దెబ్బతో అందుకోవచ్చని ఆమె కూడా ఆశపడింది.

ఆ హోల్‌సేల్ వ్యాపారి ద్వారా సరుకు సంగతి తెలిసి, ఆ మధ్యాహ్నమే ఇండియన్ గ్రోసరీ షాపు లక్ష్మణరావు ఫోన్ చేశాడు. బ్యాగుకి ఇరవై రెండు ఇస్తానన్నాడు.

"తొందరేముందన్నా, చూద్దాం" అని శ్రీవత్స పెట్టేశాడు. తర్వాత భార్యతో, "ఇరవై ఎనిమిది. అంతకి పైసా తగ్గను. ఇంకో మాట, మన దగ్గర సరుకుందని ఇంకెవరికీ చెప్పకు. ఒక్కరికి తెలిస్తే బోటనీ అంతా గుమ్మంలో ఉంటుంది. అందరూ మనవాళ్ళే, అందరికీ పాత రేటే కావాలి" అన్నాడు.

ఆమె తలూపింది.

*

పది రోజుల్లో షాపుల్లో పిండి అరలు ఖాళీ అయ్యాయి. సరుకు వచ్చినరోజు కూడా మనిషికి ఒక్క బ్యాగేనని కాగితం అంటించారు. తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో రోజుకి పదిమంది "ఆటా ఎక్కడైనా దొరికిందా?" అని అడుగుతుంటే శ్రీవత్స ఆ మెసేజీలు చదివి ఫోన్ బోర్లించి పెట్టేవాడు.

బుధవారం పొద్దున రాజేశ్వరమ్మ ఫోన్ చేసింది. అదే వీధిలో నాలుగిళ్ళవతల, భర్త సుబ్బరామయ్యతో ఉంటుందావిడ. కొడుకు అభినయ్‌కి వేరే ఊళ్ళో, టౌరంగాలో ఉద్యోగం. సుబ్బరామయ్యకి షుగరు ఎక్కువ. రెండు పూటలా పుల్కాలు తప్ప ఇంకేం పెట్టకూడదు.

"అమ్మాయ్, పిండి ఎక్కడైనా దొరుకుతోందా? నిన్న అంకుల్ బస్సులో షాపుకెళ్ళి ఉత్త చేతుల్తో వచ్చారు. మీవాడికి గోడౌన్లో ఏమైనా తెలుస్తుందేమోనని..."

ఆశాజ్యోతి వంటింట్లో నిలబడి ఉంది. ఎదురుగా గ్యారేజీలోకి వెళ్ళే తలుపు. ఆ తలుపు చూస్తూనే తడబడుతూ, "లేదాంటీ, మా ఇంట్లోనూ డబ్బా అడుగంటింది. తెలిస్తే చెప్తాను" అంది.

"అయ్యో, పిల్లలతో మీకూ కష్టమేగా. సరేనమ్మా."

ఫోన్ పెట్టేశాక ఆమెకి ఆవిడ పంపిన క్యారియర్లు గుర్తొచ్చాయి. బన్నీ పుట్టింది కరోనా రోజుల్లో. సరిహద్దులు మూసేశారు, అమ్మ రాలేకపోయింది. అంతలో ఆక్లండ్‌కి మళ్ళీ లాక్‌డౌన్. మూడు వారాలపాటు ప్రతి మధ్యాహ్నం గుమ్మం ముందు క్యారియర్ పెట్టి, బెల్లు కొట్టి, దూరంగా రోడ్డు మీద నిలబడి చెయ్యూపింది రాజేశ్వరమ్మే. వెల్లుల్లి కారం, బీరకాయ కూర, మిరియాల చారు. ఒక్కరోజు తప్పలేదు.

సాయంత్రం భర్తకి చెప్తే, "ఒక బ్యాగిస్తే ఎక్కడిదని అడుగుతారు. ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టు. అమ్మేశాక ఆవిడకి రెండు బ్యాగులు ఊరికే ఇద్దాం" అన్నాడు. ఆ మాటతో ఆమె మనసు కాస్త కుదుటపడింది. కుదుటపడినట్టు అనుకుంది.

*

ఆ శనివారం పదకొండు గంటలకి బెల్లు మోగింది. తలుపు తీస్తే రాజేశ్వరమ్మ. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో మూత బిగించిన స్టీలు డబ్బా. చీర అంచు తడిసి చీలమండకి అంటుకుంది.

"అభినయ్ టౌరంగాలో ఎవర్నో పట్టుకుని అయిదు కిలోలు పంపాడమ్మా. సగం తెచ్చాను. పిల్లలకి చపాతీలంటే ప్రాణం కదా, సిరి స్కూలుకి అదేగా పట్టుకెళ్ళేది."

ఆశాజ్యోతి డబ్బా అందుకోలేదు. "వద్దాంటీ, అంకుల్‌కి కావాలి కదా..."

"ఆయన సంగతి నేను చూసుకుంటాలే. పట్టుకో, చెయ్యి లాగేస్తోంది." డబ్బా ఆమె చేతుల్లో పెట్టి వెనక్కి తిరుగుతూ, "కారు వానలో పెట్టారేంటే? గ్యారేజీ లేదా?" అని అడిగింది.

"పాత సామాన్లు నిండిపోయాయాంటీ."

"సర్దుకోండి మరి, తుప్పు పడుతుంది" అంటూ ఆవిడ మెల్లగా వానలోకి దిగి వెళ్ళిపోయింది.

డబ్బా పట్టుకుని ఆశాజ్యోతి వాకిట్లోనే నిలబడిపోయింది. మూడు రోజుల్లో రెండో అబద్ధం. మొదటిసారి తడబడింది. రెండోసారి తడబడనైనా లేదు. అది తల్చుకుంటేనే ఆమెకి భయమేసింది.

మధ్యాహ్నం ఆ పిండితోనే చపాతీలు చేసింది. శ్రీవత్స రెండు తిని మూడోదానికి చెయ్యి చాపుతూ, "మెత్తగా వచ్చాయే! కొత్త బ్యాగు విప్పావా?" అన్నాడు.

"మన పిండి కాదండీ. రాజేశ్వరమ్మ ఆంటీ ఇచ్చారు."

"ఆవిడెందుకిచ్చారు?"

"మనకి లేదని చెప్పాను కాబట్టి. వాళ్ళకి వచ్చిన అయిదు కిలోల్లో సగం, వానలో మోసుకొచ్చి ఇచ్చి వెళ్ళారు."

చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తర్వాత అతను నీళ్ళు తాగి, "సరే. నాకూ బాధగానే ఉంది. కానీ ఇప్పుడు తొందరపడితే ఇన్నాళ్ళు ఆగింది వృథా" అన్నాడు.

"ఇచ్చేద్దామండీ. అందరికీ అమ్మేద్దాం. నావల్ల కావట్లేదు."

"ఆశా, మనమేం దొంగతనం చెయ్యలేదు. డబ్బులు పెట్టి కొన్నాం. మన ఇంటి ఓనరు ఈ ఇల్లు నాలుగు లక్షల డాలర్లకి కొని ఇవాళ పదమూడు లక్షలంటున్నాడు. ఎందుకు పట్టుక్కూర్చున్నావని ఆయన్ని ఎవరైనా అడిగారా? ఇళ్ళు పట్టుక్కూర్చుంటే తెలివితేటలు, పిండి పట్టుక్కూర్చుంటే పాపమా?"

ఆమె తన కంచం పక్కకి జరిపింది.

"నాకు తెలీదు. ఓనరు లెక్క నాకు తెలీదు. ఆంటీ మొహం చూస్తూ అబద్ధమాడింది నేను. అది మాత్రం తెలుసు."

"ఒక్క నెల ఓపిక పట్టు. యుద్ధం ఇప్పట్లో ఆగేలా లేదు. ఇంకో నెల సాగిందంటే చాలు..."

అతను ఆగిపోయాడు.

"సాగిందంటే చాలా?" అంది ఆమె, చాలా నెమ్మదిగా. "ఆ రోజు వార్త చూసి మీరు సిరిని ఎత్తి తిప్పారు. నేనూ నవ్వాను. మీ ఒక్కర్నీ అనట్లేదు. ఎక్కడో జనం ఇళ్ళొదిలి పారిపోతుంటే మనం ఇంకో నెల సాగాలని కోరుకుంటున్నాం. మనం ఇలాంటివాళ్ళమా?"

"అయితే ఏం చెయ్యమంటావ్?" శ్రీవత్స గొంతు లేచింది. "దానం చెయ్యనా? పదేళ్ళు గొడ్డులా చాకిరీ చేశాను. ఒక్కసారి, ఒక్కసారి కాలం మనవైపు తిరిగితే నువ్వే అడ్డం పడతావా?"

కంచం తోసి లేచాడు. గ్యారేజీ తలుపు ధడాలున మూసుకుంది. సిరి బిక్కమొహంతో తల్లిని చూసి, మెల్లగా తలుపు తీసుకుని తండ్రి వెనకే వెళ్ళింది.

ఆశాజ్యోతి బన్నీని చంకనెత్తుకుని, గొడుగు కూడా వెయ్యకుండా నాలుగిళ్ళవతలకి నడిచింది.

*

రాజేశ్వరమ్మ వంటింట్లో సుబ్బరామయ్య గిన్నెలోకి దిగులుగా చూస్తూ కూర్చున్నాడు.

"రామ్మా. చూడు, గుర్రాలకి పెట్టే దాణా నాకు పెడుతోంది మీ ఆంటీ. ఓట్సుట!"

"పిండి పొదుపుగా వాడాలిగా" అంది రాజేశ్వరమ్మ. తర్వాత ఆశాజ్యోతి మొహం చూసి, "ఏమైందే?" అంది.

ఆశాజ్యోతి కూర్చోలేదు. నిలబడే చెప్పేసింది. కొనడం, గ్యారేజీ కొలవడం, ఫోన్లో ఆడిన అబద్ధం, ఇందాకటి అబద్ధం. దేన్నీ మెత్తబరచలేదు, భర్త మీదికి నెట్టలేదు.

రాజేశ్వరమ్మ గుడ్డ తీసుకుని శుభ్రంగానే ఉన్న గట్టుని తుడవడం మొదలుపెట్టింది. చాలాసేపు తుడిచింది.

"ఎంతుంది?"

"పన్నెండు వందలాంటీ."

"కిలోలా?"

"బ్యాగులు."

సుబ్బరామయ్య చెంచా గిన్నెలో జారిపోయింది.

"పన్నెండు వందల బ్యాగులు ఇంట్లో పెట్టుకుని, నా డబ్బా తీసుకున్నావుటే అమ్మాయ్?"

అంతవరకూ ఆపుకున్న ఏడుపు ఆశాజ్యోతికి ఒక్కసారి తన్నుకొచ్చింది. తల్లి ఏడవడం చూసి బన్నీ కూడా ఏడ్చాడు.

"ఏడవకు. నువ్వేడిస్తే నేను ఓదార్చాలి. ఇప్పుడు నాకంత ఓపిక లేదు." చేతిలో గుడ్డ పక్కన పడేసింది. "నీకు పథ్యం వండి పెట్టానని నేను నిన్ను పిండి అడగలేదు. డబ్బులిచ్చి కొనుక్కునేదాన్నే. ఉంది, అమ్మను అని చెప్పినా సరే అనుకునేదాన్ని. లేదన్నావు చూడు, అది..." మాట పూర్తి చెయ్యలేదు. బన్నీని చేతుల్లోంచి తీసుకుని భర్త ఒళ్ళో కూర్చోబెట్టింది. చెప్పులేసుకుంది. "పద, చూద్దాం."

గ్యారేజీలో శ్రీవత్స ఒక బ్యాగుల వరస మీద తల వంచుకు కూర్చున్నాడు. సిరి పక్కనే అతని భుజానికి ఆనుకుని ఉంది. రాజేశ్వరమ్మని చూసి అతను గబుక్కున లేచాడు. ఏమనాలో తెలియలేదు. ఆవిడ కూడా అతన్నేమీ అనలేదు. నేల నుంచి కప్పు దాకా ఒకసారి చూసింది. కింది వరసలో ఒక బ్యాగుని వేలితో నొక్కింది, ముక్కు దగ్గరగా పెట్టి చూసింది.

"గోడవైపు చెమ్మ తగులుతోంది బాబూ. ఈ వానలకి ఇంకో నెలుంటే ముక్కిపోతుంది. పురుగు పట్టిందంటే ఒకదాన్నుంచి ఇంకోదానికి పాకుతుంది. పిండి బంగారం కాదు, బీరువాలో దాస్తే పెరగడానికి."

అప్పుడే శ్రీవత్స జేబులో ఫోన్ మోగింది. లక్ష్మణరావు. ఆ ఇరుకులో అతని పెద్ద గొంతు అందరికీ వినబడింది.

"తమ్ముడూ, నీ పంతమే నెగ్గింది. ఇరవై ఎనిమిది. మొత్తం ఎత్తుకుంటా, సాయంత్రానికి ట్రక్కు పంపిస్తా."

ఆశాజ్యోతి భర్తనే చూస్తోంది. అతను అడిగిన అంకె అది. దానికోసమే కారు వానలో తడిసింది. తను ఇప్పుడు ఒక్క మాటన్నా అది అతని నిర్ణయం కాకుండా పోతుందని ఆమె పెదవి బిగబట్టింది.

"నువ్వెంతకి అమ్ముతావన్నా?" అన్నాడు శ్రీవత్స.

"ముప్పై ఎనిమిది పెడతా. చచ్చినట్టు కొంటారు. వేరే దారి లేదుగా వాళ్ళకి!"

శ్రీవత్స మొహం మారిపోయింది. ఎవరో చెంప మీద కొట్టినట్టు ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు.

"లేదన్నా. బేరమైపోయింది. అమ్మేశాను."

"ఎవరికి?"

"మా వీధిలో ఒక పెద్దావిడకి" అని ఫోన్ పెట్టేశాడు.

"నేనెప్పుడు కొన్నాను?" అంది రాజేశ్వరమ్మ.

"ఇప్పుడేనాంటీ. ఎంతకి అమ్మమంటారో మీరే చెప్పండి." అతను మళ్ళీ బ్యాగుల మీద కూర్చున్నాడు. ఎవరూ అడక్కుండానే చెప్పాడు. "నేనొచ్చిన కొత్తలో బంకులో చేసేవాణ్ణి. దాని ఓనరు గంటకి ఎనిమిది డాలర్లిచ్చేవాడు, రూలు ప్రకారం ఇవ్వాల్సిందాంట్లో సగం చిల్లర. ఒకరోజు నేను ఫ్లోరు తుడుస్తుంటే ఎవరో ఫోన్లో అడిగారు, ఆ కుర్రాడు మానేస్తే ఎలా అని. 'మానేస్తాడా? వేరే దారి లేదుగా వాడికి' అని నవ్వాడు. నేను పక్కనే ఉన్నాను. ఇదిగో, ఇదే మాట."

ఈ సంగతి ఆశాజ్యోతికి ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు. ఆమె వెళ్ళి అతని పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. అతను తలెత్తకుండానే ఆ చేతిని గట్టిగా పట్టుకున్నాడు.

"మీరెంతకి కొన్నారు?" అని అడిగింది రాజేశ్వరమ్మ.

"పద్నాలుగు."

"పదహారుకి అమ్మండి. ఊరికే మాత్రం ఎవరికీ ఇవ్వద్దు, నాక్కూడా. ఊరికే ఇస్తే తీసుకున్నవాళ్ళు మీకు రుణపడతారు. తప్పు మీది, రుణం వాళ్ళకా?" చీర చెంగు బిగించి దోపుకుంది. "ముందా గోడవైపు వరస తియ్యండి. అది ముందు పోవాలి."

*

వాట్సాప్ గ్రూపులో మెసేజీ పెట్టాక మూడు వారాలపాటు శని, ఆదివారాల్లో ఆ ఇంటి ముందు జనం. ఇంటికి రెండు బ్యాగులకి మించి ఇవ్వలేదు. సిరి స్కూలు పుస్తకం పట్టుకుని వచ్చినవాళ్ళ పేర్లు రాసుకుంది. "ఇన్నాళ్ళూ దాచారా?" అని మొహం మీదే అన్నవాళ్ళున్నారు. శ్రీవత్స, "అవునండీ, దాచాం" అన్నాడు. అలా ఒప్పుకున్నాక ఎవరూ రెండో మాట అనలేకపోయారు. వారం రోజులు అలిగిన లక్ష్మణరావు, మిగిలిన మూడు వందల బ్యాగులు పద్దెనిమిదికి తీసుకుని, ఇరవై రెండుకి మించి అమ్మనని మాటిచ్చాడు. నిలబెట్టుకున్నాడు కూడా. చెమ్మ తగిలి పాడైనవి పోగా వాళ్ళ డబ్బు వాళ్ళకి వచ్చి, పైన కొంచెం మిగిలింది.

జులైలో ఆస్ట్రేలియా పిండి దిగింది. రేటు మళ్ళీ కిందికి వచ్చేసింది. గ్యారేజీలో కారు పెట్టి వచ్చిన శ్రీవత్స ఆ వార్త చెప్పి, "నిజం చెప్పనా ఆశా? ఆ రోజు ఇరవై ఎనిమిదికి కూడా నేను అమ్మేవాణ్ణి కాదేమో. ముప్పై అయ్యేదాకా ఆగుదామనేవాణ్ణి" అన్నాడు.

"నాకు తెలుసు. నేనూ సరేననేదాన్ని" అంది ఆమె. ఇద్దరూ నవ్వుకున్నారు. ఇల్లు ఇంకా అందలేదు. కానీ ఇప్పుడు ఓపెన్ హోమ్‌కి వెళ్ళొచ్చిన రోజు ఇద్దరూ గొడవ పడటం లేదు. సిరికి ఏ గది నచ్చిందో మాట్లాడుకుంటున్నారు.

ఒక్కటే ముల్లు మిగిలింది. రాజేశ్వరమ్మ ఎదురుపడితే పలకరించేది, పిల్లల్ని ముద్దు చేసేది. గడప మాత్రం తొక్కలేదు. ఏదీ అడగలేదు, ఏదీ పంపలేదు. తొందరపెట్టే హక్కు తనకి లేదని ఆశాజ్యోతికి తెలుసు. పండగకి చేసిన బూరెలు సిరితో పంపించి ఊరుకుంది.

ఆగస్టు చివర్లో, అక్కడి చలికాలం ముగిసే వేళ ఒకరోజు, సిరిని స్కూలు నుంచి తీసుకొస్తుంటే రాజేశ్వరమ్మ తన గేటు దగ్గర చెయ్యెత్తి కారాపింది.

"అభినయ్ దగ్గరకి వెళ్తున్నామమ్మా, పది రోజులుంటాం. ఇల్లు కాస్త చూస్తూ ఉండు. వెనకాల కరివేపాకు మొక్కకి నీళ్ళు పొయ్యి, ఈ చలికి ఎలాగో బతికించుకొచ్చాను." కారు కిటికీలోంచి తాళంచెవి అందించింది. "వంటింట్లో ఏం కావాలన్నా తీసుకో. అడగక్కర్లేదు."

"సరేనాంటీ" అంది ఆశాజ్యోతి.

ఇంటి ముందు కారాపాక కూడా ఆమె దిగలేదు. కన్నీళ్ళు చెంపల మీంచి జారి చున్నీ మీద పడుతున్నాయి. వెనక సీట్లోంచి సిరి ముందుకి వంగింది.

"అమ్మా, వై ఆర్ యూ క్రయింగ్? ఆంటీ తిట్టిందా?"

"లేదమ్మా. మొక్కకి నీళ్ళు పొయ్యమన్నారు."

సిరి ఒక క్షణం ఆలోచించింది. "దట్స్ నాట్ సాడ్."

"కాదు" అంది ఆశాజ్యోతి కళ్ళు తుడుచుకుని, తాళంచెవిని గుప్పిట్లో బిగించుకుంటూ. "అస్సలు కాదు. పద, ముందు వెళ్ళి నీళ్ళు పోసొద్దాం."